ప్వారో నివసించిన వైట్‌హేవెన్ మాన్షన్స్ నిజంగా ఉన్నదా? ఉంటే ఎలా చూడాలి?

విశాఖ_పెద్దాయన (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంగ్లండులోని రీడింగ్ పట్టణంలో ఉంటున్నది. వచ్చే జూన్ నెలలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళి కొంతకాలం ఉండబోతున్నాము. లండన్‌లో మ్యూజియములు, రాజభవనములు ఎలా చూడాలో చెప్పేవారు ఎందరో ఉన్నారు కాని, నేను అడగబోయే సంగతి మా అల్లుడికి కూడా అంతుపట్టలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అగథా క్రిస్టీ సృష్టించిన బెల్జియన్ అపరాధ పరిశోధకుడు ఎర్క్యూల్ ప్వారోగా డేవిడ్ సూషే నటించిన టీవీ ధారావాహికను మేమిద్దరం ఇప్పటికి మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా చూశాము. 1989లో మొదలై 2013లో ముగిసిన ఆ 70 భాగాలలో హంతకుడెవరో ఇప్పుడు మాకు ముందే తెలుసు కాబట్టి, కథను వదిలిపెట్టి వెనకనున్న ఇళ్ళను, మెట్లను, కిటికీలను చూస్తూ కూర్చోవడం అలవాటైంది. ప్వారో నివసించే వైట్‌హేవెన్ మాన్షన్స్ అనే భవనం, ముఖభాగమంతా అల లేచినట్టు వంపు తిరిగి, లేత రంగు ఇటుకలతో కనిపిస్తుంది కదా, అది నిజంగా ఉన్న కట్టడమా లేక సెట్టా అన్నది నా మొదటి సందేహం. నిజమైనదే అయితే దాని దగ్గరికి వెళ్ళి నిలబడవచ్చునా? అది కాక, ఒక్కరోజులో వెళ్ళి రాగల చిత్రీకరణ స్థలాలు ఇంకా ఏమైనా ఉన్నాయా? ఒక భాగంలో కనిపించే ద్వీపపు హోటలుకు సముద్రం మీద నడిచి వెళ్ళవచ్చునని ఎవరో అన్నారు, అది నిజమేనా?

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఉన్నది. మెట్లు తక్కువ ఉన్న దారి చెబితే మేలు చేసినవారవుతారు.

ఫారింగ్‌డన్_ఉద్యోగి:

పెద్దాయన గారికి నమస్కారం. నా కార్యాలయం ఆ భవనానికి పది నిమిషాల నడక దూరంలో ఉన్నది కనుక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత నాకు కొంత ఉన్నదనుకుంటాను.

భవనం నిజమైనదే, పేరు మాత్రమే వేరు. దానిని ఫ్లోరిన్ కోర్ట్ అంటారు. లండన్ నడిబొడ్డున, చార్టర్‌హౌస్ స్క్వేర్ అనే పాత చౌకు తూర్పు అంచున ఉన్నది. 1936లో గై మోర్గన్ అనే వాస్తుశిల్పి సంస్థ దీనిని కట్టింది. పైన తోట, అడుగున ఈతకొలను ఉన్న తొమ్మిదంతస్తుల ఫ్లాట్ల భవనం అది. మీరు తెర మీద చూసిన వంపు అచ్చంగా అలాగే ఉన్నది. దాని కోసం ఏ మాయా చేయలేదు. అయితే ప్వారో ఫ్లాటు లోపలి గదులు మాత్రం స్టూడియోలో వేసిన సెట్లు. లిఫ్టు తలుపు తెరుచుకుని ఆయన కిందికి దిగి, బయటికి అడుగు పెట్టేసరికి మనం స్టూడియో నుంచి చౌకులోకి వచ్చేశామన్నమాట, కాని చూస్తున్నప్పుడు ఆ అతుకు ఎవరికీ కనిపించదు.

అందులో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. కాబట్టి ఎదుటి కాలిబాట మీద నిలబడి చూడడం, ఫోటో తీసుకోవడం వరకే మన హద్దు. తలుపు దాకా వెళ్ళి అద్దంలోంచి లోపలికి తొంగి చూసేవారిని నేను చాలాసార్లు చూశాను. మన ఇంటి వరండాలోకి ఎవరైనా అలా తొంగి చూస్తే మనమూ ఊరుకోము.

మీకు కలిసి వచ్చే సంగతి ఒకటున్నది. రీడింగ్ నుంచి ఎలిజబెత్ లైను రైలు మధ్యలో ఎక్కడా మారే పని లేకుండా ఫారింగ్‌డన్ స్టేషనుకు వస్తుంది. బార్బికన్ వైపు ద్వారంలో బయటికి వస్తే చౌకు అక్కడికి కూతవేటు దూరం, పైగా లిఫ్టులున్నాయి కాబట్టి అమ్మగారు మెట్లెక్కనక్కరలేదు. ఆ రైలు మార్గం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1348లో బ్లాక్ డెత్ అనే మహమ్మారి లండన్‌ను ఊడ్చిపెట్టినప్పుడు శవాలను పూడ్చిన స్థలం ఈ చౌకే. 2013లో ఆ లైను కోసం చౌకు అంచున గొయ్యి తవ్వుతుంటే 25 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ప్వారో ధారావాహిక ముగిసింది కూడా ఆ ఏడాదే. ఇన్ని హత్యలను ఛేదించిన మనిషి ఇంటి ముందరే అన్ని శవాలున్నాయని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చౌకు నుంచి స్మిత్‌ఫీల్డ్ మాంసపు మార్కెట్టు మీదుగా అయిదారు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వస్తుంది. 2010లో మొదలైన బీబీసీ ధారావాహిక షెర్లాక్‌ను కూడా మీరు చూసి ఉంటే, రెండవ సీజన్ చివరి భాగంలో షెర్లాక్ దూకిన మేడ అదే. మూల కథలో హోమ్స్, వాట్సన్ మొదటిసారి కలుసుకున్నది కూడా ఆ ఆసుపత్రి ప్రయోగశాలలోనే కనుక, ఆ చోటును దర్శకులు ఊరికే ఎంచుకోలేదు. ఒకే ఉదయాన ఇద్దరు పరిశోధకులను చూసినట్టవుతుంది.

పాతరీలు:

పై సభ్యులు చెప్పినదానికి కొంత చేర్చాలనిపించింది. కథ జరిగే చోటు, కెమెరా నిలబడే చోటు ఒకటి కాకపోవడానికి ఖర్చు ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు కాని, నిజానికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది కాలం. ప్వారో కథలను నిర్మాతలు దాదాపుగా 1930ల మధ్యలో స్థిరపరిచారు. అందుచేత ఒక వీధిని ఎంచుకున్నారంటే, రోడ్డు అంచున పసుపు గీతలను కప్పాలి, డిష్ యాంటెన్నాలను దాచాలి, ప్లాస్టిక్ కిటికీలు ఉన్న ఇంటిని చట్రంలోకి రానివ్వకూడదు. ఇన్ని తొలగించిన తరువాత మిగిలే వీధులు కొన్నే. ఫ్లోరిన్ కోర్ట్ సరిగ్గా ఆ దశకంలో కట్టినది, ముఖభాగం చెక్కు చెదరనిది, ఎదుట వాహనాల రద్దీ లేని చౌకు ఉన్నది. ఆ మూడూ ఒక్కచోట దొరకడం అరుదు.

బొంబాయి మెరీన్ డ్రైవ్ వెంట ఉన్న వంపు బాల్కనీల మేడలను చూసినవారికి ఈ శైలి కొత్తగా అనిపించదు. ఆర్ట్ డెకో అని పిలిచే ఆ వాస్తురీతి రెండు ఊళ్ళలోనూ ఒకే కాలంలో పెరిగింది. బొంబాయి కట్టడాలకు 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ప్వారో ధారావాహికను కొందరు హత్యల కోసం చూస్తారు, నేను మాత్రం ఈ కట్టడాల కోసం చూస్తాను. ఇంగ్లండులో ఆ కాలపు మంచి ఇళ్ళు, హోటళ్ళు ఏవేవి మిగిలి ఉన్నాయో అన్నింటినీ వారు గాలించి పట్టుకున్నారు. ఉత్తరాన మోర్‌కమ్ సముద్రతీరంలో 1933లో కట్టిన మిడ్‌లాండ్ హోటలు "డబుల్ సిన్" భాగంలో కనిపిస్తుంది, కాని అది రీడింగ్ నుంచి మీకు చాలా దూరం.

దేశాలు మారిన సందర్భాలూ ఉన్నాయి. ఇరాక్ తవ్వకాల మధ్య జరిగే "మర్డర్ ఇన్ మెసొపొటేమియా"ను ట్యునీషియాలో తీశారు. "అపాయింట్‌మెంట్ విత్ డెత్"ను టీవీ కోసం సిరియాకు మార్చి, మొరాకోలో చిత్రీకరించారు. ఇసుక ఇసుకే కదా అని మనం అనుకోవచ్చు గాని, ఎండ పడే తీరూ గోడల రంగూ కుదరాలంటే ఎంత వెతుకులాట ఉంటుందో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

ఈ లెక్కన చూస్తే, కథాస్థలంలోనే కెమెరా కూడా నిలబడిన చోట్లు ఎక్కువ విలువైనవి. అటువంటిది మీకు ఒక్కరోజు ప్రయాణంలో ఒకటున్నది. "ఏబీసీ మర్డర్స్"లో హంతకుడు ఊళ్ళను అక్షరక్రమంలో ఎంచుకుంటాడు: ఆండోవర్, బెక్స్‌హిల్, చర్స్టన్, డాంకాస్టర్. వాటిలో బెక్స్‌హిల్ సముద్రతీరపు దృశ్యాలను నిజంగా బెక్స్‌హిల్‌లోనే తీశారు. అక్కడి డి లా వార్ పెవిలియన్‌ను ఎరిక్ మెండెల్సన్, సెర్జ్ చెర్మయెఫ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు రూపొందించారు. అది 1935 డిసెంబరులో తెరుచుకున్నది, క్రిస్టీ నవల 1936లో వచ్చింది. అంటే ఆ నవల వెలువడేసరికి ఆ కట్టడానికి ఇంకా కొత్త సున్నపు వాసన పోలేదన్నమాట. రైల్వే స్టేషను నుంచి కొద్ది నిమిషాల నడక, లోపలికి ఎవరైనా వెళ్ళవచ్చు. సముద్రం వైపు గాజు గోడల మధ్య చుట్టుకుంటూ పైకి వెళ్ళే మెట్లూ, ఆ మెట్ల నడుమ పైనుంచి కింది దాకా వేలాడే దీపమూ తప్పక చూడండి.

మొహమాటం_లేనివాడు:

అందరూ ఇంత శ్రద్ధగా రాస్తుంటే అడ్డు తగులుతున్నానని అనుకోవద్దు. నేను పోయిన సంవత్సరం, కథల్లో షెర్లాక్ హోమ్స్ ఇల్లుగా చెప్పే 221బి బేకర్ స్ట్రీట్ అని వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడ చిత్రీకరణే జరగలేదని తెలుసుకుని వెనుదిరిగాను. ఇన్ని వేల రూపాయలు పెట్టి వెళ్ళి, ఎదుటి కాలిబాట మీద నిలబడి ఒక ఫ్లాట్ల భవనాన్ని చూసి రావడంలో ఏమున్నదో నాకు అర్థం కావడం లేదు. అదే మేడ టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది కదా?

ఫారింగ్‌డన్_ఉద్యోగి:

బేకర్ స్ట్రీట్ గురించి మీ నిరాశ న్యాయమైనదే. ఆ వీధిలో వాహనాల రద్దీ ఎక్కువ, పైగా ఎటు తిప్పినా షెర్లాక్ హోమ్స్ పేరుతో ఉన్న దుకాణాలూ బోర్డులూ చట్రంలోకి వస్తాయి, అన్నింటినీ కప్పిపెట్టడం కుదరదు. హోమ్స్ పేరు ప్రఖ్యాతులే హోమ్స్‌ను అక్కడ చిత్రీకరించడానికి అడ్డుపడ్డాయి. అందుకే బీబీసీ వారు యూస్టన్ స్క్వేర్ స్టేషను పక్కనున్న నార్త్ గోవర్ స్ట్రీట్‌లో 187వ నంబరు ఇంటి తలుపుకు 221బి అని తగిలించారు. దాని పక్కనే స్పీడీస్ అనే చిన్న కాఫీ దుకాణం ఎర్రని పందిరి గుడ్డతో తెర మీద ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. లోపలి గదులను మాత్రం వేల్స్‌లోని స్టూడియోలో వేశారు.

టీవీలో ఇంకా బాగా కనిపిస్తుందన్న మాటకు నా జవాబు ఇది: టీవీలో భవనం ఒక్కటే కనిపిస్తుంది, దాని ఎడమనా కుడినా ఏమున్నదో కనిపించదు. చౌకులో నిలబడినప్పుడే, ఆ మేడ పక్కన వందల ఏళ్ళ నాటి మఠపు గోడ ఉన్నదని, కెమెరాను రెండడుగులు పక్కకు జరిపితే 1930లు కాస్తా ఎగిరిపోతాయని తెలుస్తుంది. దర్శకుడు ఏది వదిలేశాడో తెలుసుకోవడానికి అక్కడికి వెళ్ళాలి. ఆ ఆసక్తి లేనివారికి మీరన్నట్టు అది కేవలం ఫ్లాట్ల భవనమే, వెళ్ళకపోయినా నష్టం లేదు.

ప్లిమత్_ప్రవాసి:

ద్వీపం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మీరు విన్నది నిజమే. అది డెవన్ తీరంలోని బర్గ్ ఐలండ్. "ఈవిల్ అండర్ ద సన్" భాగాన్ని అక్కడే తీశారు, క్రిస్టీ ఆ నవల రాసింది కూడా ఆ ద్వీపాన్ని మనసులో పెట్టుకునే. 1929లో కట్టిన తెల్లని హోటలు దూరం నుంచి చూస్తే ఒడ్డుకు లంగరు వేసిన ఓడలాగా ఉంటుంది. బిగ్‌బరీ ఒడ్డుకూ ద్వీపానికీ మధ్య దూరం పావు కిలోమీటరు ఉంటుంది. ఆటుపోట్లలో నీరు తీసినప్పుడు గట్టి ఇసుక మీద నడిచి వెళ్ళవచ్చు, నీరు పోటెత్తినప్పుడు ద్వీపం మళ్ళీ ద్వీపమవుతుంది.

అప్పుడు జనాన్ని దాటించడానికి సముద్రపు ట్రాక్టరు అని ఒక విచిత్ర వాహనం ఉన్నది. పెద్ద పెద్ద చక్రాల మీద, మనిషి ఎత్తుకు మించిన స్తంభాలపైన ఒక మంచెలాంటి వేదిక. దాని మీద జనం నిలబడితే కింద చక్రాలు నీళ్ళలో మునిగి దొర్లుకుంటూ పోతాయి. మన పొలాల్లో కాపలా మంచెకు చక్రాలు తగిలించి సముద్రంలోకి తోలినట్టు ఊహించుకోండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పోటు వేళలు చూసుకోవడంలో ఒక గంట పొరపాటు పడ్డాను. బ్రిటన్‌లో వేసవి కాలానికి గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కదా, నా దగ్గరున్న పట్టికలో ఆ గంట ముందే కలిపి ఉన్నదని, నేను మళ్ళీ ఒక గంట కలిపానని తిరుగు దారిలో గాని తెలియలేదు. ఇసుక దారికి రెండు వైపుల నుంచీ అలలు వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. కలుసుకున్న చోట నేనున్నాను. బూట్లు చేత్తో పట్టుకుని మోకాలి లోతులో ఒడ్డు చేరాను. మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని ఆ ఇసుక మీద నడిపించమని నేను చెప్పను. పైగా హోటలు లోపలికి వెళ్ళాలంటే అక్కడ బస చేయాలి లేదా ముందే భోజనానికి చెప్పుకోవాలి, ధరలు కూడా మనలాంటివారిని నాలుగుసార్లు ఆలోచింపజేస్తాయి.

డెవన్ దాకా రాదలిస్తే గ్రీన్‌వేకు రండి. డార్ట్ నది ఒడ్డున క్రిస్టీ 1938లో కొనుక్కున్న ఇల్లు అది, ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలో ఉన్నది. "డెడ్ మాన్స్ ఫాలీ" నవలలోని భవంతికి, పడవల షెడ్డుకు ఆ ఇల్లే మూలం, టీవీ భాగాన్ని తీసిందీ అక్కడే. సూషే ప్వారోగా చిట్టచివరిసారి కెమెరా ముందు నిలబడిన చోటు కూడా ఇదే. కథాక్రమంలో ఆఖరిదైన "కర్టెన్"ను అంతకు ముందే తీసేశారు. మంచం పట్టిన ప్వారోతో కాక, తిరుగాడుతున్న ప్వారోతోనే చిత్రీకరణ ముగించారన్నమాట. నది ఒడ్డున ఆ పడవల షెడ్డు తలుపు దగ్గర నిలబడితే, కథలో శవం దొరికిన గది ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోతారు. అయితే ఇంటి నుంచి అక్కడికి దిగే బాట వాలుగా ఉంటుంది, అమ్మగారికి అది ఇబ్బందే.

పేంటన్ నుంచి ఆవిరి రైలు నడుస్తుంది, దారిలో చర్స్టన్ అనే స్టేషను వస్తుంది. పైన చెప్పిన అక్షరక్రమంలో మూడవ ఊరు అదే. కారులో వస్తే గ్రీన్‌వేలో నిలిపే స్థలాన్ని ముందుగానే నమోదు చేసుకోవాలి, మరిచిపోవద్దు.

విశాఖ_పెద్దాయన:

అందరికీ కృతజ్ఞతలు. ఇది రీడింగ్ నుంచి రాస్తున్నాను.

మొన్న మంగళవారం ఉదయం ఫారింగ్‌డన్‌లో దిగి లిఫ్టులో పైకి వచ్చి చౌకుకు వెళ్ళాము. ధారావాహికలోని ఒక దృశ్యాన్ని ఫోనులో ఆపి పెట్టుకుని, కెమెరా ఎక్కడ నిలబడి ఉంటుందో కనిపెట్టాలన్నది మా ఆవిడ ఆలోచన. నేను ఒకచోట నిలబడితే, అక్కడ కాదు, ఆ కిటికీల వరుస ఇంకా కొంచెం ముడుచుకోవాలి, ఎడమకు జరగండి అంటూ ఆమె నన్ను కాలిబాట పొడుగునా జరిపింది. ఫోనులోని వంపూ ఎదుటనున్న వంపూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చున్న చోటు దొరికేసరికి ఇరవై నిమిషాలైంది. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఒకాయన సైకిలు నడిపించుకుంటూ బయటికి వచ్చి, మేమేమీ అడగకుండానే, మా ఫోను ఎటు చూస్తున్నదో గమనించి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఆయనకు ఇది నిత్యకృత్యమై ఉంటుంది. మేము సిగ్గుపడి ఒకే ఒక్క ఫోటో తీసుకుని వచ్చేశాము.

మొహమాటం లేనివాడు గారు అడిగినదానికి నా అనుభవం చెబుతాను. తెర మీద నేను ఎన్నడూ చూడనిది ఒకటి అక్కడ కనిపించింది. ఆ ఇటుకలు దూరానికి ఒకే రంగుగా ఉన్నా, దగ్గరికి వెళితే కొన్ని వెన్న రంగులో, కొన్ని కొంచెం బూడిద తిరిగి ఉన్నాయి. ఎండ మబ్బు చాటుకు పోయి వచ్చినప్పుడల్లా వంపు వెంబడి నీడ ఒక కొస నుంచి ఇంకో కొసకు జారుతున్నది.

శనివారం బెక్స్‌హిల్‌కు వెళ్ళాము. గాలి ఎంత బలంగా ఉన్నదంటే, మా ఆవిడ చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని నడిచింది. ఆ చుట్టుమెట్లు నేనొక్కడినే ఎక్కాను, ఆమె కింద టీ తాగుతూ దీపాన్ని పైకి చూస్తూ కూర్చున్నది. దిగి వచ్చేసరికి ఆమె వేళ్ళు మడిచి లెక్క వేస్తున్నది. ఆండోవర్ రీడింగ్‌కు దగ్గరే కాబట్టి అల్లుడి కారులో ఒక సాయంత్రం వెళ్ళి రావచ్చునట, చర్స్టన్ ఆవిరి రైలుకు పై వారానికి టికెట్లు తీసుకోవాలట. మిగిలింది డాంకాస్టర్. కథలో అక్కడి హత్య సెయింట్ లెజర్ గుర్రప్పందేల నాడు జరుగుతుంది, ఆ పందెం సెప్టెంబరులో. మా తిరుగు విమానం జూలైలో ఉన్నది. వీసా ఆరు నెలలకు ఇచ్చారు కదా అని ఆమె అంటున్నది, అమ్మాయి ఏమంటుందో ఇంకా అడగలేదు.